లడ్డూ ఏ డబ్బాలో ఉందనుకుంటుంది? పసిపిల్లలు, జంతువులు, ఎదుటివారి మనసు: మీ ప్రశ్నలు, మా జవాబులు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో చాలావాటిది ఒకే ప్రశ్న. మాటలు రాని బిడ్డకు, నోరులేని జీవికి ఎదుటివారి మనసు తెలుస్తుందా? తెలుస్తుందనో తెలియదనో ఒక్క ముక్కలో చెప్పడం కుదరదు. ఎదుటివారు ఎటు చూస్తున్నారో గమనించడం వేరు, ఏం చేయబోతున్నారో పసిగట్టడం వేరు. వాళ్లకు ఏది తెలుసో ఏది తెలియదో లెక్కలోకి తీసుకోవడం ఇంకా కష్టం. వాళ్లు పొరపాటుగా అనుకుంటున్నారని గ్రహించడం అన్నిటికన్నా ఆలస్యంగా వస్తుంది. మీరు అడిగింది ఇందులో దేని గురించో చూసుకుని జవాబు రాశాం.

ప్రశ్న: సంక్రాంతికి మా ఊరికి గంగిరెద్దులోళ్లు వస్తారు. "ఈ అమ్మకు మేలు జరుగుతుందా?" అంటే ఎద్దు తల ఊపుతుంది. "వీళ్లింట్లో కష్టాలుంటాయా?" అంటే అడ్డంగా ఆడిస్తుంది. దానికి మాట అర్థమవుతుందా?
– పాఠకుడు, పూతలపట్టు

జవాబు: మాట అర్థం కానక్కర్లేదు, ఆడించే మనిషి అర్థమైతే చాలు. డోలు మీద పడే దెబ్బ, సన్నాయి ఆగిన క్షణం, ముక్కుతాడు చిన్నగా కదలడం, ప్రశ్న చివర గొంతు సాగదీయడం, వీటిలో ఏ ఒక్కటైనా ఎద్దుకు సైగే. పశువుల కళ్లు తలకు రెండు పక్కలా ఉంటాయి. సరిగ్గా వెనక ఉన్న కాస్త మేర తప్ప దాదాపు చుట్టూ కనిపిస్తుంది. కాబట్టి ఆడించేవారు పక్కకు తప్పుకుని నిలబడినా ఎద్దు చూపులోనే ఉంటారు.

ఈ సంగతిని మొదట గట్టిగా తేల్చింది ఒక గుర్రం విషయంలో. బెర్లిన్‌లో వీల్‌హెల్మ్ ఫాన్ ఓస్టెన్ అనే ఆయన గుర్రం హాన్స్ కూడికలు, తీసివేతలు చేసి, జవాబును గిట్టతో నేల మీద తట్టి చెప్పేది. 1904లో ఒక సంఘం పరిశీలించి, మోసమేమీ లేదని చెప్పింది. నిజంగానే మోసం లేదు. ఆ తర్వాత ఆస్కార్ ఫుంగ్‌స్ట్ అనే పరిశోధకుడు రెండు మార్పులు చేశాడు. ప్రశ్న అడిగే మనిషికే జవాబు తెలియకుండా చూశాడు, అడిగేవారు గుర్రానికి కనబడకుండా అడ్డం పెట్టాడు. రెండు సందర్భాల్లోనూ హాన్స్ తప్పుతూ పోయింది. అసలు జరుగుతున్నది ఏమిటంటే, ప్రశ్న వేశాక గిట్టను చూడడానికి మనిషి తల కాస్త వంగేది, సరైన లెక్క రాగానే తెలియకుండానే తల పైకి లేచేది. గుర్రం అక్కడ తట్టడం ఆపేసేది. 1907లో ఫుంగ్‌స్ట్ ఇదంతా ప్రచురించాడు. రహస్యం తెలిశాక కూడా తన తల కదలకుండా ఆపుకోవడం ఆయనకు చేతకాలేదు.

గంగిరెద్దును పరీక్షించాలంటే ముందు ఆడించేవారి అనుమతి అడగండి. ఆయన చెవుల్లో దూది పెట్టుకోవాలి. తాడు వదులుగా ఉండాలి, డోలు మోగకూడదు. అవును అనేవి ఐదు, కాదు అనేవి ఐదు ప్రశ్నలు చీటీల మీద రాసి, చీటీ తీసి అడగండి. పదిలో ఐదారు సరిపోవడం బొమ్మాబొరుసు వేసినా వస్తుంది. తొమ్మిది సరిపోతే అప్పుడు ఆలోచిద్దాం. అయితే మనిషి ఒంట్లోని అంత చిన్న కదలికను చదవడం తక్కువ తెలివేమీ కాదు. ఆ ఎద్దుకూ, దాన్ని తీర్చిదిద్దినవారికీ గౌరవం దక్కాల్సింది అందుకే. ఈ జాగ్రత్తను గుర్తుపెట్టుకోండి, కింద పిల్లల పరీక్షలోనూ అవసరపడుతుంది.

ప్రశ్న: మా పాపకు పది నెలలు. మిద్దె మీద గోరుముద్దలు తినిపిస్తూ చందమామను చూపిస్తే చంద్రుణ్ణి చూడదు, నా వేలినే చూస్తుంది. మా ఆడపడుచు బిడ్డ ఈ వయసుకే చూపించేదంట. భయపడాలా?
– పాఠకురాలు, తిరుచానూరు

జవాబు: పది నెలలకు వేలిని చూడడం మామూలే తల్లీ. పైగా చందమామ చాలా కష్టమైన పాఠం. అందనంత దూరం, కదలదు, శబ్దం చేయదు.

చూపును వెంబడించడం మెట్లుమెట్లుగా వస్తుంది. ఆరు నెలల బిడ్డ తల్లి తల తిప్పిన వైపుకు తానూ తిరుగుతుంది గానీ అటువైపు మొదట కంటబడ్డ వస్తువు దగ్గరే ఆగిపోతుంది. ఏడాది నిండేసరికి తల్లి చూస్తున్న వస్తువునే పట్టుకోగలదు, అది తన ఎదురుగా ఉంటే. తన వీపు వెనక ఉన్నదాని కోసం వెనక్కి తిరిగి వెతకడం దాదాపు ఏడాదిన్నరకు వస్తుంది.

ఇంట్లో ఇలా చేయండి. బిడ్డ కడుపు నిండి, నిద్రమత్తు లేని సమయం చూసుకోండి. మీ ముఖం, బిడ్డ ముఖం ఒకే ఎత్తులో ఉండేలా ఎదురుగా కూర్చోండి. ముందు పేరు పెట్టి పిలవండి, కళ్లు కలిసేదాకా ఆగండి. ఈ ఒక్కటీ వదిలేసి నేరుగా వేలు చూపించేస్తాం, ఎక్కువమంది దగ్గర తప్పేది ఇక్కడే. కళ్లు కలిశాక మీ తల, చూపు రెండూ వస్తువు వైపు తిప్పి, ఆ తర్వాత వేలు చూపి, పేరు ఒక్కసారి చెప్పండి: "అదిగో, గంట!" చెప్పి నాలుగైదు సెకన్లు ఊరుకోండి. బిడ్డకు తల తిప్పడానికి ఆ సమయం కావాలి. ఆలోపే "అదిగో, అదిగో, ఇటు చూడు" అని గడ్డం పట్టి తిప్పితే బిడ్డ దృష్టి మళ్లీ మీ ముఖం మీదికే వస్తుంది. మొదట వేలు వస్తువుకు తగిలేంత దగ్గర, తర్వాత ఒక అడుగు, తర్వాత గది అవతలి గోడ, తర్వాత వీధిలో పోయే ఆవు. చందమామ చివర్లో. ఆకాశంలోకి చూపేటప్పుడు బిడ్డను చంకనెత్తుకుని, మీ చెయ్యి బిడ్డ చెంప పక్కనుంచి పోయేలా చూపండి. వేలూ చంద్రుడూ ఒకే వరసలో కనిపిస్తాయి.

బిడ్డ తానుగా వేలు చూపడం పది నుంచి పద్నాలుగు నెలల మధ్య మొదలవుతుంది. అందులో రెండు రకాలున్నాయి. ఒకటి "అది నాకివ్వు" అని అడగడం. రెండోది కుక్కనో విమానాన్నో చూపించి, వెంటనే మీ ముఖం వైపు తిరిగి, మీరూ చూశారా లేదా అని చూసుకోవడం. ఈ రెండోదాని కోసం కాచుకుని ఉండండి. దానివల్ల బిడ్డకు చేతికి వచ్చేదేమీ లేదు, మీరు కూడా చూడాలన్నదే దాని కోరిక. బిడ్డ అలా చూపినప్పుడు ఆ వస్తువు తెచ్చి చేతిలో పెట్టి వదిలేయకండి. "అవును, కుక్క! తోక ఊపుతోంది" అని మీరూ చూసి, బిడ్డనూ చూడండి.

వైద్యుల దగ్గరకు ఎప్పుడు వెళ్లాలి? ఏడాది నిండినా ముద్దుమాటల శబ్దాలు లేకపోయినా, వేలు చూపడం, టాటా చెప్పడం లాంటి సైగలు ఒక్కటీ లేకపోయినా, 16 నెలలకు ఒక్క మాటా రాకపోయినా, రెండేళ్లకు తానుగా రెండు మాటలు కలపకపోయినా వెళ్లాలి. వచ్చిన మాటో సైగో ఏ వయసులోనైనా పోతే వెంటనే వెళ్లాలి. ముందు బెరా లాంటి వినికిడి పరీక్ష చేయించమని మీరే అడగండి, పేరు పిలిస్తే పలకకపోవడానికి చెవులూ కారణం కావచ్చు. 16 నుంచి 30 నెలల పిల్లలకు ఎం-చాట్ అనే ఇరవై ప్రశ్నల పరిశీలన ఉంది. అందులో తేడా కనిపించినంత మాత్రాన ఆటిజం అని ముద్ర పడినట్టు కాదు, ఇంకా లోతుగా చూడాలని అర్థం. "మగపిల్లలకు మాటలు ఆలస్యమే, వాళ్ల నాన్నకూ అంతే" అని పెద్దవాళ్లు ఆపుతారు. దయచేసి ఆగకండి. ఆ ఏడాది చాలా విలువైనది.

ప్రశ్న: నెల రోజుల మనవడికి నాలుక చాపి చూపిస్తే వాడూ చాపుతున్నాడు. అనుకరిస్తున్నట్టేనా?
– ఒక అమ్మమ్మ, నగరి

జవాబు: 1977లో మెల్ట్‌జాఫ్, మూర్ అనే పరిశోధకులు అవునన్నారు. 2016లో వందకు పైగా బిడ్డలను తొమ్మిది వారాల వయసు దాకా పలుమార్లు చూసిన ఆస్ట్రేలియా బృందానికి మాత్రం అలా కనిపించలేదు. నవ్వు ముఖం చూపినా, నోరు తెరిచినా పిల్లలు దాదాపు అంతే తరచుగా నాలుక చాపారు. ఆ వయసులో నచ్చినదేది చూసినా నాలుక బయటికి వస్తుంది. అయినా మీరు ఆడడం మానకండి, మీ ముఖమే వాడికి ఇప్పుడు అన్నిటికన్నా ఇష్టమైన బొమ్మ.

ప్రశ్న: అలిపిరి మెట్ల దారిలో కోతులు ఎవరి సంచి లాక్కోవాలో ముందే తెలిసినట్టు ప్రవర్తిస్తాయి. మన ఏమరుపాటు వాటికి తెలుస్తుందా?
– పాఠకుడు, కొర్లగుంట, తిరుపతి

జవాబు: తెలుస్తుంది. కనీసం మనం చూస్తున్నామా లేదా అన్నది బాగా తెలుస్తుంది. ప్యూర్టోరికో దగ్గరి కాయో సాంటియాగో దీవిలో రీసస్ కోతుల మీద ఫ్లోంబామ్, శాంటోస్ చేసిన ప్రయోగం 2005లో వచ్చింది. ఇద్దరు మనుషులు, ఇద్దరి ముందూ ద్రాక్షపళ్లు. ఒకరు కోతి వైపు చూస్తుంటారు, ఇంకొకరు వేరేవైపు తిరిగి ఉంటారు, లేదా కళ్లకు అడ్డం ఉంటుంది. కోతులు చూడలేనివారి పళ్లనే ఎత్తుకెళ్లాయి. ఒళ్లంతా ఎదురుగా ఉన్నా, కళ్లు పక్కకు తిరిగి ఉంటే చాలు.

మన తిరుమల కొండ మీదివి రీసస్ కావు. నడినెత్తిన వెంట్రుకలు టోపీలా పరుచుకుని ఉండే దక్షిణాది కోతులు, బానెట్ మకాక్‌లు. కర్ణాటకలోని బందీపూర్‌లో ఈ జాతి కోతులు మనుషుల దగ్గర తిండి ఉందని చూసి, 'కూ' అని కూసి, చెయ్యి చాపి అడగడాన్ని శాస్త్రవేత్తలు 2018లో నమోదు చేశారు. చెయ్యి చాపి ఊరుకోవు, మనిషి ముఖం చూస్తాయి, ఇచ్చేదాకా వేచి ఉంటాయి.

ఇక జాగ్రత్తలు. సంచి జిప్పు వేసి కడుపు ముందు పట్టుకోండి. వీపున వేలాడే సంచి మీ చూపులో లేదని కోతికి తెలుసు. పాలిథిన్ కవరు గరగర శబ్దం వాటికి తిండి పిలుపు, అందుకే ప్రసాదం గుడ్డసంచిలో పెట్టుకోండి. తిండి లేకపోతే రెండు అరచేతులూ విప్పి చూపండి. కళ్లలోకి తేరిపార చూడకండి, వాటి భాషలో అది సవాలు. ఒక పొరపాటు మాత్రం చాలామంది చేస్తారు. కోతి పెదాలు వెనక్కి లాగి పళ్లు బయటపెడితే నవ్వుతోందనుకుని పిల్లలను దగ్గరకు పంపుతారు. అది నవ్వు కాదు, భయం. తప్పుకోవడానికి దారివ్వండి. నోరు గుండ్రంగా తెరిచి, కనుబొమలు పైకి లేపి చూస్తే బెదిరింపు. సంచి లాక్కుంటే వదిలేయండి, లాగులాటలోనే కరుస్తాయి. కరిచినా గీరినా సబ్బుతో ధారగా పారే నీళ్ల కింద 15 నిమిషాలు కడిగి, అదే రోజు ఆసుపత్రికి వెళ్లండి. రేబిస్ టీకా కోతికాటుకూ అవసరమే.

ప్రశ్న: మా వీధికుక్కకు వేలు చూపితే అర్థమవుతుందా? చెప్పులు కొరికినప్పుడు తప్పు చేసినట్టు తల దించుకుంటుంది కూడా.
– ఇంటర్ విద్యార్థిని, గ్రీమ్స్‌పేట, చిత్తూరు

జవాబు: మొదటిదానికి మన దేశంలోనే జవాబు దొరికింది. కోల్‌కతాలోని ఐసర్ అనే విజ్ఞాన పరిశోధన సంస్థలో అనిందితా భద్ర బృందం ఏ శిక్షణా లేని వీధికుక్కలను పరీక్షించి 2020లో ప్రచురించింది. భయపడి దగ్గరకే రానివి చాలా ఉన్నాయి. వచ్చినవాటిలో సుమారు 80 శాతం, దూరంనుంచి క్షణం పాటు చూపిన వేలిని బట్టి గిన్నెను ఎంచుకున్నాయి.

మీరూ చేసి చూడవచ్చు. టీకా వేసిన, మీకు బాగా అలవాటైన కుక్క అయితేనే. ఒకేలాంటి రెండు గిన్నెలు, రెండు అట్టముక్కలు తీసుకోండి. రెండు గిన్నెలకూ లోపల కోడిమాంసం రుద్దండి, లేకపోతే కుక్క ముక్కుతో పరీక్ష పాసవుతుంది. ఒకదాంట్లోనే ముక్క పెట్టి, రెండూ అట్టతో మూసి, ఒక మీటరు ఎడంగా పెట్టండి. ముక్క ఎందులో ఉందో తెలియని స్నేహితురాలు మధ్యలో నిలబడి, మీరు కుడి అంటే కుడికి, ఎడమ అంటే ఎడమకు ఒక్కసారి చెయ్యి చాపి దించేయాలి. తల నిటారుగా ఉండాలి. వైపులు మారుస్తూ, రోజుకు ఐదారుసార్లకు మించకుండా చేయండి. ఎప్పుడూ కుడికే పోతుంటే అది అలవాటు, అర్థం చేసుకోవడం కాదు. ఎప్పుడూ వంగి చూపకండి, వంగితే రాయి తీస్తున్నారని మన వీధికుక్కలన్నీ నేర్చుకుని ఉన్నాయి.

తప్పు చేసిన ముఖం సంగతి వేరు. అలెగ్జాండ్రా హోరోవిట్జ్ 2009లో దీన్ని తేల్చారు. కుక్క తప్పు చేసిందని యజమానులకు కొన్నిసార్లు అబద్ధం చెప్పారు. తప్పేమీ చేయని కుక్కలు కూడా యజమాని తిట్టగానే అదే ముఖం పెట్టాయి. అది పశ్చాత్తాపం కాదు, మీ కోపాన్ని చల్లార్చే ప్రయత్నం. కాబట్టి గంట తర్వాత చెప్పు చూపించి కొడితే దానికి తెలిసేది మీకు కోపం వస్తుందన్న ఒక్క సంగతే.

ప్రశ్న: కౌండిన్య అడవినుంచి చేన్లోకి వచ్చే ఏనుగులకు మనం ఎక్కడ నక్కామో ఎలా తెలుస్తుంది?
– రైతు, పలమనేరు

జవాబు: వాసనతో. 2013లో జింబాబ్వేలో ఆఫ్రికా ఏనుగులు మనిషి వేలు చూపితే అర్థం చేసుకున్నాయి. థాయ్‌లాండ్‌లో మన ఏనుగుల జాతి మీద చేసిన పరీక్షలో అవి చూపుడు సైగలను పట్టించుకోలేదు గానీ, తిండి ఏ బకెట్‌లో ఉందో వాసనతో పట్టేశాయి. కాబట్టి మీ వైపునుంచి ఏనుగు వైపుకు గాలి వీస్తుంటే చెట్టుచాటు చాటే కాదు. దాక్కోవడం కన్నా ముందే దూరం జరగడం, అటవీ సిబ్బందికి ఫోన్ చేయడం మేలు.

ప్రశ్న: మా మనవడికి మూడున్నరేళ్లు. మూతి నిండా నెయ్యి పెట్టుకుని లడ్డూ తినలేదంటాడు. ఇప్పుడే అబద్ధాలు నేర్చాడని కోడలు వాతలు పెడతానంటోంది. పిలకాయల్లో ఇది చెడు లక్షణమా?
– ఒక జేజి, చంద్రగిరి

జవాబు: వాత మాట అసలు వద్దమ్మా, మీ కోడలికి ఈ జవాబు చదివి వినిపించండి. వాడు లడ్డూ తిన్న సంగతి వాడికి తెలుసు, మీకు తెలియదని వాడు అనుకున్నాడు. తన తలలో ఉన్నది మీ తలలో లేకపోవచ్చని గ్రహిస్తేనే అబద్ధం పుడుతుంది. అది బుద్ధి ఎదుగుతున్న గుర్తు. మూతి మీది నెయ్యి చూసి మీరు కనిపెట్టేస్తారని ఊహించడం ఇంకో మెట్టు, అది ఇంకా రాలేదు.

ఎదుటివారు పొరపాటుగా అనుకుంటారని వాడికి తెలుస్తోందా అని చూసే పరీక్షను పరిశోధనశాలలో కాదు, మీ వంటింట్లోనే చేయవచ్చు. మూలం 1983లో విమ్మర్, పెర్నర్ చేసిన ప్రయోగం. మూత ఉన్న, లోపలిది కనబడని రెండు డబ్బాలు తీసుకోండి, ఒకటి స్టీలుది, ఒకటి రంగుది. ఒక లడ్డూ, రెండు బొమ్మలు కావాలి. బొమ్మలకు చిట్టి, బుజ్జి అని పేర్లు పెట్టండి. చిట్టి లడ్డూను స్టీలు డబ్బాలో పెట్టి మూత వేసి గుడికి పోయింది. బొమ్మను నిజంగా గది బయట పెట్టండి, పక్కకు తిప్పి ఉంచితే చాలదు. బుజ్జి వచ్చి లడ్డూ తీసి రంగు డబ్బాలో పెట్టింది. చిట్టి తిరిగొచ్చింది. ఇప్పుడు అడగండి: "చిట్టి లడ్డూ కోసం మొదట ఏ డబ్బా తెరుస్తుంది?"

ఆ "మొదట" అన్న మాట మానకండి. అది లేకపోతే "ఎక్కడ వెతకాలి?" అని అడిగినట్టు విని, పిల్లలు లడ్డూ నిజంగా ఉన్నచోటు చెప్పేస్తారు. తర్వాత ఇంకో రెండు ప్రశ్నలు వేయాలి. "లడ్డూ ఇప్పుడు ఎందులో ఉంది?", "చిట్టి మొదట ఎందులో పెట్టింది?" ఈ రెంటిలో ఏది తప్పినా కథే గుర్తులేదని అర్థం, పరీక్ష లెక్కలోకి రాదు. అడిగేటప్పుడు మీ కళ్లు బిడ్డ ముఖం మీదే ఉండాలి. డబ్బా వైపు చూశారంటే పైన చెప్పిన హాన్స్ గుర్రం కథే. "సరిగ్గా చెప్పావా?" అని రెట్టించి అడగకండి, పెద్దవాళ్లు మళ్లీ అడిగితే జవాబు మార్చాలని పిల్లలు అనుకుంటారు. ఉన్నవి రెండే డబ్బాలు కాబట్టి ఊహించి చెప్పినా సగం సార్లు సరిపోతుంది. వేరే రోజు, వేరే వస్తువుతో మళ్లీ చేసి చూడండి.

మూడేళ్ల పిల్లలు ఎక్కువగా రంగు డబ్బా అంటారు. ఐదేళ్లవాళ్లు ఎక్కువమంది స్టీలు డబ్బా అంటారు. మన దేశంతో పాటు కెనడా, పెరూ, సమోవా, థాయ్‌లాండ్‌లలో చేసిన పరిశీలన 2005లో వచ్చింది. అన్నిచోట్లా మార్పు ఐదేళ్ల వయసు చుట్టుపక్కలే కనిపించింది. నోటితో చెప్పనక్కర్లేకుండా చూపును బట్టి లెక్కిస్తే 15 నెలల బిడ్డలకే ఇది తెలుసని అదే ఏడాది ఒనిషి, బయార్జన్ అన్నారు. ఆ తరహా ప్రయోగాలు ఇతర చోట్ల చేసినప్పుడు కొన్నిసార్లు ఆ ఫలితం రాలేదు కాబట్టి దాని మీద చర్చ నడుస్తోంది. మీ మనవడు తప్పు చెప్పినా ఏ లోపమూ లేదు.

ఇంట్లో మారాల్సింది ప్రశ్న. మీకు తెలిసినప్పుడు "తిన్నావా?" అని అడగకండి, అది అబద్ధానికి మీరే వేసే బాట. "లడ్డూ తిన్నావు. ఇంకొకటి రేపు" అని చెప్పేయండి. నిజం చెప్పిన రోజు శిక్ష తగ్గించండి.

ప్రశ్న: మా బాబుకు నాలుగేళ్లు, పుట్టుకతోనే వినపడదు. సైగలు నేర్పితే మాటలు రావని చుట్టాలంటున్నారు. ఎదుటివారిని అర్థం చేసుకోవడంలో వెనకబడతాడా?
– పాఠకురాలు, పుత్తూరు

జవాబు: వెనకబడేది వినికిడి లేక కాదు, సంభాషణ లేక. 1995లో ఆస్ట్రేలియాలో పీటర్సన్, సీగల్ పైన చెప్పిన డబ్బాల తరహా పరీక్షను చెవిటి పిల్లలకు పెట్టారు. వినగలిగే తల్లిదండ్రులకు పుట్టి, సైగభాష ఆలస్యంగా నేర్చిన పిల్లలు ఎనిమిదేళ్లు దాటినా చాలామంది తప్పారు. తర్వాతి పరిశీలనల్లో, సైగభాషే మాతృభాషగా ఉన్న ఇళ్లలో పెరిగిన చెవిటి పిల్లలు వినగలిగే పిల్లలతో సమానంగా నెగ్గారు. ఆ ఇళ్లలో బిడ్డకు మొదటి రోజునుంచీ "నాన్న మర్చిపోయాడు", "అక్క అలిగింది", "అవ్వ నువ్వు నిద్రపోయావనుకుంది" లాంటివి అందుతున్నాయి. మిగతా ఇళ్లలో "తిను, రా, వద్దు" దగ్గరే సైగలు ఆగిపోతాయి.

సైగలు మాటలకు అడ్డం రావు. వినికిడి యంత్రమో శస్త్రచికిత్సో వైద్యులు చెబితే అదీ చేయించండి, సైగభాషా నేర్పండి. ఢిల్లీలోని భారత సైగభాష పరిశోధన శిక్షణ కేంద్రం పది వేల పదాల వీడియో నిఘంటువు తయారుచేసింది, అందరికీ ఉచితం. తిరుపతిలో టీటీడీ నడిపే ఎస్వీ బధిర పాఠశాలకు వెళ్లి ప్రవేశాల వివరాలు అడగండి. బాబుతో పాటు మీరు, వాళ్ల నాన్న, అవ్వాతాతలు అందరూ నేర్చుకోవాలి. రోజుకు ఐదు గుర్తులు చాలు, కానీ అందులో ఒకటి అనుకోవడం, తెలియడం, మర్చిపోవడం, ఆశపడడం లాంటి మనసు మాట కావాలి. రాత్రి పడుకునే ముందు ఆ రోజు ఇంట్లో ఎవరు ఏమనుకున్నారో, ఎవరు పొరబడ్డారో ఆ గుర్తులతోనే వాడికి చెప్పండి. దీపం వెలుగులో, మీ చేతులు, ముఖం రెండూ కనబడేలా కూర్చుని చెప్పండి.